ముందు చుట్టూ తిరగండి

మా బాపులపాడు మండలం వాళ్లకు కూడలి అంటే హనుమాన్ జంక్షనే. చెన్నై–కోల్‌కతా రహదారిలో నూజివీడు రోడ్డూ గుడివాడ రోడ్డూ వచ్చి కలిసే చోట ఆంజనేయస్వామి గుడి. మామిడికాయల రోజుల్లో లారీ వెనక లారీ. బస్సు కిటికీలోంచే ఓ దణ్ణం పెట్టుకుని సాగిపోవడం మాకు అలవాటు. దేవుడికి ఆ దణ్ణం చాలు. చారిత్రక కట్టడానికి మాత్రం చాలదు. చార్మినార్ దగ్గరా మనవాళ్లు ఇదే పని చేస్తున్నారు: ఓ సెల్ఫీ, లాడ్‌బజార్‌లో గాజులు, తిరుగుప్రయాణం.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించినప్పుడు, దాన్నే నడిబొడ్డుగా పెట్టుకుని కొత్త నగరాన్ని తీర్చారు. ఆ పథకం మీర్ మోమిన్ అస్త్రాబాదీది. నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు, వాటికి ఎదురుగా నాలుగు కమానులు. అంటే ఇక్కడ కట్టడమే కూడలి. నడిచి చూడాలనడం అందుకే.

ఉత్తరాన గుల్జార్‌హౌజ్ నుంచి బయల్దేరండి. పొద్దున్నే అయితే మరీ మంచిది. ఏటవాలు ఎండ పడినప్పుడు కమానుల మీది గచ్చుపని పైకి తేలుతుంది. పూలరేకుల అంచులు, తీగల మెలికలు, వాటి పక్కనే సన్నటి నీడలు. సున్నం తడి ఆరకముందే చేత్తో తీర్చిన పని అది. మూసలో పోసిన సిమెంటు పువ్వులకు అలవాటుపడ్డ కళ్లకు ఆ తేడా నిలబడి చూస్తేనే తెలుస్తుంది. సుమారు 56 మీటర్ల మినార్లు ఎటూ కనిపిస్తాయి, ముందు ఈ రేకుల్ని చూడండి. గడియారాలు మాత్రం 1889లో వచ్చి చేరినవి.

2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి కింద పడింది. నాలుగు వందల ఏళ్లు దాటిన సున్నానికి వానే పెద్ద పరీక్ష, దానికి బండ్ల అదురూ పొగా తోడైతే ఎలా తట్టుకుంటుంది? ఒకప్పుడు బస్సులు దీని చుట్టూనే తిరిగేవి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నేలను నడిచేవాళ్లకు వదిలారు. వ్యాపారానికి ఇబ్బందన్న మాట ఎంత వినిపించినా అది సరైన నిర్ణయమే.

సెలవులకు పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లేవాళ్లకు ఒక్క మనవి. మెట్లు ఎక్కించే తొందరలో పడకండి. ముందు కింద నాలుగు కమానుల చుట్టూ నెమ్మదిగా తిప్పండి, టికెట్టు ఆ తర్వాత కొనండి.