తుపాకీ లేని షికారు కథ

దొంగవేటని అడ్డుకునే అడవి గస్తీకి టూరిస్టుగా వెళ్లొచ్చి రాసే వ్యాసాలు ఈమధ్య వరసపెట్టి చదివాను. నాలుగైదు అయ్యేసరికి అన్నీ ఒకేలా అనిపించాయి. తెల్లవారుజాము, మంచు, తడిమట్టిలో అడుగుజాడ, గైడు చెయ్యెత్తి ఆగమనడం, రచయిత గుండె దడదడ. ఎక్కడో చదివినట్టుందే అనుకుంటే తట్టింది: ఇది షికారు కథ. జిమ్ కార్బెట్, మన మామండూరు అడవుల గురించి కూడా రాసిన కెన్నెత్ ఆండర్సన్ మనకి అలవాటు చేసిన నడక. తుపాకీ పోయి కెమెరా వచ్చింది. పులి స్థానంలోకి దొంగవేటగాడొచ్చాడు. వాడెప్పుడూ ఒక నీడే. వాడికో ఊరుండదు, అప్పుండదు, నోరసలే ఉండదు.

కేరళలోని పెరియార్‌లో ఈ మూస పనిచెయ్యదు. మనవాళ్లు ఏటా మాల వేసుకుని వెళ్లే శబరిమల ఉన్నది ఈ టైగర్ రిజర్వ్‌లోనే. 1990ల చివర్లో, ఎకో డెవలప్‌మెంట్ ప్రాజెక్టు రోజుల్లో, ఆ అడవిలో దొంగతనంగా దాల్చినచెక్క ఒలుచుకుని బతికేవాళ్లతోనే అక్కడొక కమిటీ పెట్టించారు. వాళ్లే 'టైగర్ ట్రైల్' గైడ్లయ్యారు. టెంటు వేసేదీ, వండిపెట్టేదీ వాళ్లే. టూరిస్టుతో నడిచే ఆ నడకే గస్తీ కూడా. అంటే కథలో నీడగా ఉండాల్సినవాడు మన పక్కనే కూర్చుని టీ కాస్తుంటాడు.

నేనూ వెళ్లాను. వచ్చాక రాసిన మొదటి డ్రాఫ్టులో ఆయనకి బోయవాడు వాల్మీకి అయిన కథ అతికించేశాను. చదువుకుంటే సిగ్గేసింది. నేను చూసింది అది కాదు. దారిలో ఆయన కొన్ని చెట్ల దగ్గర ఆగేవాడు, బెరడు తడిమేవాడు, ముందుకెళ్లేవాడు. ఒకప్పుడు కత్తి పెట్టిన చోటే ఇప్పుడు గాటు కోసం వెతుకుతున్నాడు. గాటు లేకపోతే ఆ పూటకి పనైనట్టే. ఇందులో పశ్చాత్తాపం ఎంతో నాకేం తెలుసు? జీతపు పని, చేతనైన పని, అంతే కనిపించింది.

అసలు చిక్కిక్కడే ఉంది. గస్తీ బాగా జరిగిందంటే ఏమీ జరగలేదని అర్థం. కథకేమో ఏదో ఒకటి జరిగితీరాలి. ఆ రాత్రి టెంటులో దూరంగా ఏదో చప్పుడు వినిపించింది. తుపాకీ పేలిందేమో అని భయపడలేదు నేను. ఆశపడ్డాను.

నేను చదివిన వ్యాసాల్లో లేనిది ఈ ఒక్క వాక్యమే. అడవి మీద ప్రేమతో వెళ్లామని అందరం రాస్తాం. నిజమే కావచ్చు. కానీ ఉచ్చు దొరకాలనీ, బూడిదైనా కనబడాలనీ లోపల కోరుకునేది కూడా మనమే. అదే పెరియార్‌లో వసంతసేన ఆడవాళ్లు 2002 నుంచీ జీతం లేకుండా వంతులవారీగా గస్తీ తిరుగుతున్నారు. వాళ్లకి ఖాళీ చేతులతో ఇంటికెళ్లడమే మంచి రోజు.

అలాంటి రోజుని విసుగు పుట్టకుండా రాయగలిగినప్పుడే మనం షికారు కథ నుంచి బయటపడ్డట్టు. నా రెండో డ్రాఫ్టులో చెట్లే ఉన్నాయి, గాట్లు లేవు. ఇంకా ఎక్కడికీ పంపలేదు.