వంతెనకు చప్పట్లు, కటింగుకు కాపలా

కొంకణ్ రైల్వే పేరు మీకు పాఠ్యపుస్తకంలోనో, క్విజ్ పుస్తకంలోనో తగిలే ఉంటుంది. మహారాష్ట్రలోని రోహా నుంచి కర్ణాటకలో మంగళూరు దగ్గరున్న తోకూరు వరకు సుమారు 740 కిలోమీటర్ల దారి. 1990లో పని మొదలైంది. 1998 జనవరి 26న పూర్తి మార్గానికి ప్రారంభోత్సవం జరిగింది. రెండు వేలకు దగ్గరగా వంతెనలు, తొంభైకి పైగా సొరంగాలు. రత్నగిరి దగ్గర పన్వల్ లోయ మీద 64 మీటర్ల ఎత్తున ఒక వంతెన. హొన్నావర్ దగ్గర శరావతి మీద రెండు కిలోమీటర్లు దాటిన మరో వంతెన. కర్బుడే వద్ద ఆరున్నర కిలోమీటర్ల సొరంగం. ఈ జాబితా సాధారణంగా ఒకే చోట ముగుస్తుంది: మనిషి ప్రకృతిని జయించాడు!

నా అభ్యంతరం ఈ జాబితా మీదే. అంకెల్లో తప్పు లేదు. ఏ అంకెలు ఎంచుకున్నాం, ఏవి వదిలేశాం అన్నదే ప్రశ్న.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ క్రితం విద్యార్థుల కోసం ఈ రైలుమార్గంపై ఒక వ్యాసాన్ని తెలుగు చేశాను. పేజీలో చోటు చాలలేదు. దేన్ని తీసెయ్యాలా అని చూస్తే, కొండను తొలిచి దారి తీసిన కటింగుల గురించి రెండు వాక్యాలు కనిపించాయి. వంతెనల ముందు అవి నాకు చప్పగా అనిపించాయి. కొట్టేశాను. చివర ‘జయించాడు’ అన్న మాటను మాత్రం భద్రంగా ఉంచాను. అచ్చయ్యాక చదువుకుంటే తెలిసింది, ఆ వ్యాసంలో అసలు విజ్ఞానశాస్త్రం ఉన్నది ఆ రెండు వాక్యాల్లోనేనని.

ఎందుకో చూద్దాం. పన్వల్ వంతెననే తీసుకోండి. అంత లోతైన లోయలో కింది నుంచి పరంజా కట్టుకుంటూ రావడం కష్టం. అందుకని వంతెన పైభాగాన్ని లోయ ఒడ్డున ముక్క తర్వాత ముక్కగా పోతపోసి, ఒక్కో ముక్క గట్టిపడ్డాక మొత్తాన్ని జాకీలతో ముందుకు నెట్టారు. దీన్ని ఇంక్రిమెంటల్ లాంచింగ్ అంటారు. నిజంగా మెచ్చుకోదగ్గ పనే. అయితే గమనించండి. అందులో వాడిన ఉక్కు, కాంక్రీటు ఇంజనీరు తనకు కావలసిన బలంతో చేయించుకున్నవి. ఎంత బరువు మోయాలో ముందే లెక్క కట్టుకున్నవి. నేల అలా కాదు. అది ఇంజనీరు చేయించుకున్నది కాదు, ఆయనకు దొరికినది.

అలా దొరికిన నేల కొంకణంలో ఒక తీరుగా లేదు. నదులు సముద్రంలో కలిసే చోట్ల మెత్తటి బంకమన్ను. గోవాలో అలాంటి చోట్లనే ఖాజన్ భూములు ఉన్నాయి. ఇవి పోటు నీటి మట్టం కన్నా పల్లంలో ఉంటాయి. చుట్టూ మట్టికట్టలు, వాటికి తూములు. ఆటు వేళ తూము తెరిస్తే వాన నీరు బయటికి పోతుంది. పోటు వేళ మూస్తే ఉప్పునీరు లోపలికి రాదు. తరాల తరబడి ఈ పద్ధతిలోనే వరి పండించారు, చేపలు పట్టారు. ఇటువంటి చోట రైలుకట్ట వేస్తే నీటి రాకపోకలు ఏమవుతాయని గోవాలో పెద్ద ఉద్యమమే నడిచింది. 1992లో వివాదం బొంబాయి హైకోర్టుకు వెళ్ళింది. 1993లో ఓజా కమిషన్ విచారించింది. చివరికి రైల్వే ఎంచుకున్న దారే నిలిచింది. కానీ అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే. దాన్ని ‘ప్రగతికి ఆటంకం’ అని ఒక్క ముక్కలో తేల్చే వ్యాసాలు, నీటి శాస్త్రాన్ని పాఠకుడికి చెప్పే అవకాశాన్ని పోగొట్టుకున్నాయి.

బంకమన్ను మీద కట్ట వేయడంలో చిక్కేమిటి? ఇంట్లోనే చేసి చూడండి. పలుచటి గుడ్డలో పెరుగు మూట కట్టి, మీద చిన్న రాయి పెట్టండి. నీరు చుక్క చుక్కగా దిగి, పెరుగు గట్టిపడుతుంది. తొందరపడి ఒక్కసారిగా పెద్ద రాయి పెడితే? నీటికి బయటపడే వ్యవధి ఉండదు. పెరుగే పక్కలకు ఉబికి వస్తుంది. బంకమన్నూ అంతే. మీద బరువు పడగానే ఆ బరువును మొదట మోసేది రేణువుల మధ్య నీరు. ఆ నీరు మెల్లగా తప్పుకున్న కొద్దీ బరువు రేణువుల మీదికి మారి, నేల బిగుస్తుంది. కార్ల్ టెర్జాగీ 1925లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతిని లెక్కలోకి తెచ్చాడు. నీరు బయటపడటానికి ప్రయాణించాల్సిన దూరం సగమైతే, పట్టే కాలం నాలుగో వంతు అవుతుంది. అందుకే బంకమన్నులో నిలువుగా ఇసుక గొట్టాలు దింపి నీటికి దగ్గరి దారి చూపుతారు. కాలాన్ని ఇలా తగ్గించవచ్చు గాని, బొత్తిగా ఎగ్గొట్టలేం.

సొరంగాల్లోనూ ఇదే అనుభవం. గట్టి రాతిలో తొలిచిన సొరంగాలు అనుకున్నట్టే సాగాయి. నీటితో నానిన మెత్తటి మట్టిలో తొలిచినవి మాత్రం తవ్విన చోటే మళ్ళీ కూలాయి. గోవాలోని పెర్నెం సొరంగం వల్లనే ఆఖరి ముక్క ఆలస్యమైంది. మెత్తటి నేల సొరంగాల్లో 19 మంది, మార్గం మొత్తం మీద 74 మంది పనివాళ్ళు ప్రాణాలు కోల్పోయినట్టు లెక్క. ఈ అంకె మన క్విజ్ పుస్తకాల్లో ఎందుకుండదు? అదీ కాక, ప్రారంభోత్సవంతో పెర్నెం కథ ముగియలేదు. 2020 ఆగస్టులో ఆ సొరంగం గోడ కొంత కూలి రైళ్ళను దారి మళ్ళించారు. 2024 జూలైలో లోపలికి నీరు ఊరి రైళ్ళు ఆగిపోయాయి.

ఇక నేను కొట్టేసిన కటింగుల సంగతి. రైలు కొండలు ఎక్కలేదు గనక, వంతెనో సొరంగమో లేని చోట కొండను నిలువునా కోయాలి. ఈ మార్గంలో కొన్ని కటింగులు 28 మీటర్ల లోతున్నాయి, అంటే తొమ్మిది అంతస్తుల మేడ ఎత్తు. కోత పడేది తరచు లాటరైట్‌లో. ఇటుకల్లా కోసి ఇళ్ళు కట్టుకునే ఎర్రరాయి ఇదే. గాలి తగిలితే పైన గట్టిపడుతుంది. దాని కింద మాత్రం చాలాచోట్ల మెత్తటి మట్టి పొర ఉంటుంది. పైన రాయి, కింద జిగురు! ఇక బసాల్టు ఉన్న చోట, శిథిలమైన మట్టి మధ్య గుండ్రటి బండలు ఇరుక్కుని ఉంటాయి. ఈ తీరంలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, అదీ చాలావరకు నాలుగు నెలల్లోనే. నీరు దిగితే వాలు బరువెక్కుతుంది, రేణువుల మధ్య రాపిడి తగ్గుతుంది. వేసవి అంతా నిలిచిన బండ ఒక రాత్రి జారుతుంది.

అదే జరిగింది. 2003 జూన్ 22 రాత్రి వైభవవాడి దగ్గర ముంబైకి వెళ్తున్న ప్రత్యేక రైలు, పట్టాల మీదికి జారిన బండరాళ్ళను ఢీకొని పట్టాలు తప్పింది. 50 మందికి పైగా చనిపోయారు. ఏడాది తిరగకుండానే, 2004 జూన్ 16న కరంజాడి దగ్గర మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్ రాళ్ళను ఢీకొని వంతెన మీది నుంచి పడిపోయింది. మళ్ళీ ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా రైలును దెబ్బతీసింది మనం చప్పట్లు కొట్టిన వంతెనో, సొరంగమో కాదు. మన జాబితాలో పేరైనా లేని మట్టివాలు!

ఆ తర్వాత వాలులను తగ్గించారు, బండలను ఇనుప వలలతో బిగించారు, వానాకాలంలో రాత్రీపగలూ పట్టాల వెంట నడిచే కాపలా పెట్టారు. వర్షమాపకాలు అమర్చారు. కుండపోతలో కళ్ళు ఆననప్పుడు రైలు గంటకు 40 కిలోమీటర్లకు తగ్గాలన్న నియమం పెట్టారు. ఏటా జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ మార్గానికి వేరే టైంటేబులే ఉంటుంది. జయించిన వాళ్ళు ఇలా చేస్తారా? ఇది జయించడం కాదు, నేలతో సర్దుకుని కాపురం చేయడం. నా దృష్టిలో శరావతి వంతెన ఎంత గొప్పదో, ఆ నిదానపు టైంటేబులూ అంతే గొప్పది.

‘పిల్లలను ఇంజనీరింగు వైపు ఆకర్షించేది పెద్ద వంతెనలే కదా, వాటి మీద నీళ్ళు చల్లడమెందుకు?’ అని ఒక ఉపాధ్యాయ మిత్రుడు అడిగారు. వంతెనలను తీసెయ్యమనడం లేదు. పక్కనే వాలును కూడా పెట్టమంటున్నాను. వంతెనకు పూర్తయిన తేదీ ఉంటుంది గనక అది పట్టికలో ఇముడుతుంది. వాలుకు ఆ తేదీ ఉండదు. పట్టికలో పట్టని దాన్ని మరచిపోవడం మనకు అలవాటు. ఆ అలవాటుకు మూల్యం ప్రయాణికులు, గ్యాంగ్‌మన్లు చెల్లిస్తారు.

ఇది దూరపు ముచ్చట కాదు. మన కోనసీమలో కోటిపల్లి నుంచి నర్సాపురానికి 57 కిలోమీటర్ల రైలుదారి 2000–01లో మంజూరైంది. 2024 నాటికి కూడా అక్కడ రైలు తిరగలేదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద మూడు వంతెనలు కావాలి. పత్రికల్లో ఆ దారి గురించి చదివినప్పుడు ఎన్ని స్తంభాలు లేచాయన్నదే వార్తగా కనిపిస్తుంది. మీరు మరో రెండు ప్రశ్నలు వేయండి. స్తంభాల మధ్య ఒండ్రునేల మీద వేసే కట్ట బిగుసుకోవడానికి ఎంత కాలం ఇచ్చారు? వరద నీరు, మురుగు కాలువల నీరు ఆ కట్టను ఎక్కడ దాటుతాయి?

రైలెక్కినప్పుడు వంతెన రాగానే మనమంతా కిటికీ దగ్గరికి చేరతాం. చేరండి. అయితే వంతెన దాటాక వెంటనే తల తిప్పుకోకండి. పక్కన కోసిన కొండను, దాని కింద గొడుగు పట్టుకుని నిలబడ్డ కాపలా మనిషిని కూడా చూడండి. రైలుదారి పూర్తయిందని మనం అనుకున్న తర్వాత కూడా ప్రతి వానాకాలం ఆ పనిని సాగిస్తున్నది ఆయనే.