విత్తుకుంటేనే మిగిలే విత్తనం

మలేషియా రబ్బరు చరిత్ర మొలవని విత్తనాలతో మొదలవుతుంది. 1876లో హెన్రీ విక్హామ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 రబ్బరు గింజల్ని లండన్‌లోని క్యూ ఉద్యానానికి చేర్చాడు. వాటిలో మొలిచినవి సుమారు 2,700. రబ్బరు గింజ ఆరితే చచ్చిపోతుంది, అందుకే సుదీర్ఘమైన ఓడ ప్రయాణాన్ని తట్టుకోలేకపోయింది. బతికిన మొక్కల్లో కొన్ని మరుసటేడు సింగపూరు మీదుగా మలేషియాలోని పెరాక్ చేరాయి. హ్యూ లో అనే అధికారి వాటిని క్వాలా కంగ్సార్‌లో నాటించాడు.

ఆ తర్వాత పెరిగిన రబ్బరు తోటల్లోకీ, కొబ్బరి తోటల్లోకీ కూలికి వెళ్లినవాళ్లలో ఉత్తరాంధ్ర, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లున్నారు. దిగువ పెరాక్‌లోని బాగన్ దతో వారికి పెద్ద స్థావరమైంది. కుటుంబమున్న కూలీకి సాగు కోసం ఎకరంలో పదహారో వంతు కేటాయించాలని నాటి కార్మిక చట్టం చెప్పింది. అంటే మన లెక్కలో ఆరుంపావు సెంట్లు. జపాను ఆక్రమణ కాలంలో బియ్యం దొరకనప్పుడు మలయాలో (నేటి మలేషియాలో) జనాన్ని నిలబెట్టింది కర్రపెండలమూ పెరటి కూరలూ. 1974లో ప్రధాని తున్ అబ్దుల్ రజాక్ ‘బుకు హిజావు’ (పచ్చ పుస్తకం) పథకం పెట్టి, ఇంటింటా కూరగాయలు పండించుకోమన్నారు.

అలా పండించుకోవాలంటే ముందు విత్తనం నిలవాలి. ఊళ్లో మన విత్తన విద్యకు ఆధారం ఎండ. గింజను ఎండబెట్టి, బూడిద కలిపి సొరబుర్రలో పోసేవాళ్లు. బీర, సొర గింజల్ని పేడలో కలిపి గోడకు కొట్టేవాళ్లు. తొలకరి దాకా ఆ గింజకు ఢోకా ఉండేది కాదు. మలేషియాలో అలాంటి పొడి వేసవి లేదు. ఏడాదికి సుమారు 2,500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉంటుంది. విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ సూత్రం ప్రకారం గింజలో తేమ ఒక శాతం పెరిగినా, నిలవచోట వేడి 5 డిగ్రీలు పెరిగినా గింజ ఆయుష్షు సగానికి పడిపోతుంది. కాబట్టి అక్కడ విత్తనాన్ని నమ్మకంగా నిలిపే దారి ఒక్కటే: మళ్లీ మళ్లీ విత్తడం.

విత్తే ముందు గింజను పరీక్షించాలి. పెళ్లిళ్లలో అంకురార్పణ పేరిట పాలికల్లో నవధాన్యాలు చల్లి మొలకెత్తించే ఆచారం మనకుంది. పెరటికీ అదే పద్ధతి పనికొస్తుంది. పది గింజల్ని తడిగుడ్డలో చుట్టి ఉంచితే, వారంలో మొలిచినవాటిని బట్టి ఎంత ఒత్తుగా చల్లాలో తెలుస్తుంది.

మిరప, వంగ, టమాటాలకు నారు పోయాలి. అక్కడ నారుకు మొదటి శత్రువు నారుకుళ్లు తెగులు. నీళ్లు నిలిచిన మట్టిలో బూజు చేరి లేత కాడ మొదట్లోనే మెత్తబడి వాలిపోతుంది. అందుకే మట్టిలో కాల్చిన ఊకనో, బాగా కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరి పొట్టునో కలిపి, అడుగున చిల్లులున్న ట్రేలో పోస్తారు. గింజ మందానికి రెండింతల లోతు చాలు. వానజల్లు నేరుగా పడకుండా పైన కప్పు ఉండాలి కానీ, వెలుతురూ గాలీ ఆడాలి. నాలుగైదు వారాలకు మిరపనారు నాటుకు వస్తుంది. పల్లపు ప్రాంతాల్లో టమాటా, వంగ మొక్కలు వడలు తెగులుకు చస్తుంటే, ఉస్తి మొక్క వేరు మీద వంగను అంటుకట్టడం ఒక ఉపాయం.

తోటకూర, గోంగూర, బెండ నేరుగా విత్తుకోవాలి. తోటకూర గింజ సన్నం, చీమలకు ఇష్టం. ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది, చల్లాక పలచగా మట్టి కప్పితే చీమల పాలు కాదు. బెండ, బీర, కాకర గింజల్ని రాత్రంతా నానబెట్టాలి.

గోంగూర సంగతి వేరు. అది పగటి నిడివిని చూసుకుని పూసే మొక్క. మన దగ్గర తొలకరికి విత్తితే పగలు తగ్గేదాకా ఆకు వేస్తూనే ఉంటుంది. భూమధ్యరేఖ పక్కనున్న మలేషియాలో ఏడాదంతా పగలు పన్నెండు గంటలకు అటూఇటూ ఉంటుంది, దాంతో మొక్క ఎదగకముందే మొగ్గ తొడుగుతుంది. తెరంగాను రాష్ట్రంలో ఎర్ర గోంగూరను కాయ మీది ఎర్రని రక్షకపత్రాల కోసం, వాటితో చేసే పానీయం కోసం పండిస్తారు. వాళ్లకు తొందరగా పూయడం లాభం, పచ్చడి కావాల్సిన మనకు నష్టం. తలలు తుంచుతూ, మూడు నాలుగు వారాలకోసారి కొత్తగా విత్తుకుంటే ఆకుకు లోటుండదు.

ధనియాన్ని రెండుగా నలిపి విత్తాలి, ఒక్కో కాయలో రెండు గింజలుంటాయి. అక్కడి వేడికి కొత్తిమీర త్వరగా పూతకొస్తుంది కాబట్టి నీడలో పెంచి లేతగానే కోసుకోవాలి. కరివేపాకు పండు గింజనూ రబ్బరు గింజలాగే ఆరనివ్వకూడదు, పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి నాటాలి. కనకాంబరం కాయ తడి తగిలితే పగిలి గింజల్ని దూరంగా చిమ్ముతుంది. అందుకే మధ్యాహ్నపు వానకు ముందే ముదురు కాయల్ని కోయాలి. బంతికి ఎండిన పువ్వే విత్తనపు సంచి.

విత్తనానికి మంచి మొక్కను ముందే ఎంచి, దాని మీద కూరకు కోయకుండా వదిలెయ్యాలి. సంకరజాతి పొట్లం నుంచి వచ్చిన కాయ గింజ తల్లిని పోలదు. రెండు రకాల మిరప పక్కపక్కనే ఉంటే పుప్పొడి కలుస్తుంది. తీసిన గింజను నీడన ఆరబెట్టి, వేయించి చల్లార్చిన బియ్యం అడుగున పోసిన సీసాలో బిగించి, ఫ్రిజ్‌లో పెడితే తేమ దాడి తగ్గుతుంది. అయినా తర్వాతి విత్తే రోజు మరీ దూరం కాకూడదు.

ఊరి నుంచి పెట్టెలో గింజలు తీసుకెళ్లడం మాత్రం మానుకోవాలి. తెగుళ్లు దేశం దాటకుండా మలేషియాలో దిగుమతి అనుమతి అడుగుతారు, సరిహద్దులో తనిఖీ చేస్తారు. అసలు అక్కడి నేలకూ వానకూ అలవాటుపడిన విత్తనం పక్క తెలుగింటి పెరట్లోనే దొరకొచ్చు. మీ దగ్గరుంటే సగం విత్తండి, సగం పంచండి. ఒక పెరట్లో మొక్క పోయినా నాలుగు పెరళ్లలో ఉన్న విత్తనం పోదు.