21 రోజుల పనితనం

ఆళ్లగడ్డ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రాయి. 40వ నంబరు జాతీయ రహదారి పక్కన షెడ్లు, షెడ్ల ముందు సగం చెక్కిన నందులు, ఆంజనేయస్వాములు. ఇక్కడి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నేను చెప్పబోయే పనితనం ఈ ఊరిదే, ఒక శిల్పి ఇంట్లోదే. ఆయన అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు కీమో నడుస్తోంది. ఆమెను చూసుకుంటున్నది కోడలు. ఆ కోడలి పనే ఈ వ్యాసం. పేర్లు వద్దన్నారు, అందుకే రాయడం లేదు.

కీమో అంటే ఆసుపత్రిలో జరిగే వైద్యమనుకుంటాం. నిజానికి అక్కడ గడిచేది ఒక్క పూట. అత్తకు రాసిన మందులు డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. 21 రోజులకొకటి చొప్పున నాలుగు డోసులు. మిగతా 20 రోజులూ ఇంటి మీదే పడతాయి.

ఆ ఒక్క పూట పనీ తక్కువది కాదు. డాక్సోరూబిసిన్‌ను వార్డులో అందరూ ఎర్ర మందనే అంటారు. 1950లలో ఇటలీలోని కాస్టెల్ డెల్ మాంటే అనే పాత కోట దగ్గరి మట్టిలో ఎర్రటి రంగు వదిలే ఒక సూక్ష్మజీవి దొరికింది. ఈ మందు వంశం దాంతోనే మొదలైంది. నరంలోంచి బయటికి కారితే చర్మాన్నీ దాని కిందనున్న కండనూ పుండు చేసేంత ఘాటు దానిది. అందుకే దాన్ని ఎక్కించే నర్సు చేతుల్ని చూడాలి. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి జోలికి పోదు. చంకలో గ్రంథులు తీసిన చెయ్యి వాచిపోయే ప్రమాదముంది. రెండో చేతికి వెచ్చటి తడిగుడ్డ చుట్టి నరం తేలేదాకా ఓపిగ్గా ఆగుతుంది. మణికట్టునూ మోచేతి మడతనూ వదిలేసి, ముంజేతి మీద తిన్నగా ఉన్న నరం వెతుకుతుంది. సెలైన్ ధారగా పోతుండగా పక్కనుంచి సిరంజితో మందును కొద్దికొద్దిగా తోస్తుంది. మధ్యమధ్యలో ఆపి, వెనక్కి లాగి, రక్తం వస్తోందో లేదో చూసుకుంటుంది. వస్తేనే మళ్ళీ తోస్తుంది. “మంటగా ఉందా అమ్మా, సలుపుతోందా?” అని అడగడం మాత్రం ఆపదు. సిరంజి ఖాళీ అయ్యేదాకా ఆమె కళ్ళు ఆ ముంజేతిని వదలవు.

అక్కడ నర్సు వదిలిన పనిని ఇక్కడ కోడలు అందుకుంటుంది. ఆసుపత్రి ఉన్న కర్నూలు నుంచి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డకు 110 కిలోమీటర్ల పైమాటే. బస్సులో కిటికీ పక్క సీటు, మూతికి మాస్కు, చేతిలో ప్లాస్టిక్ కవరు, సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయం గోడల్ని ఒరిపిడి పెడుతుంది కాబట్టి నీళ్ళు తాగిస్తూనే ఉండాలి, బస్సు ఆగినప్పుడల్లా మూత్రానికి పంపాలి. ఎర్ర మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తుందని అత్తకు ముందే చెప్పి పెట్టింది. లేకపోతే రక్తమనుకుని హడలిపోయేది. ఇంటికి చేరాక రెండు రోజులు మరుగుదొడ్డిలో రెండేసి సార్లు నీళ్ళు కొట్టడం, వాంతి పడిన బట్టల్ని గ్లౌజులు తొడుక్కుని విడిగా ఉతకడం. ఒంట్లోంచి బయటికొచ్చే మందు ఇంట్లోవాళ్ళకు తగలకూడదు. ఈ సంగతి చాలా ఇళ్ళలో ఎవరూ చెప్పరు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది వంటింటి పద్ధతి. వాంతి మాత్ర వేసినా రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కడుపులో తిప్పుతూనే ఉంటుంది. దాన్ని రేపేది చాలాసార్లు తిండి కాదు, వాసన. ఉల్లిపాయ, ఎండుమిర్చి నూనెలో పడిన ఘాటు గడప దాటితే చాలు, అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది. ఇది కనిపెట్టిన కోడలు ఆ మూడు రోజులూ తాలింపును పెరట్లో పొయ్యి మీదికి మార్చింది, అదీ గాలివాలు చూసుకుని. అన్నం, పప్పు చల్లారాకే లోపలికి తెస్తుంది. చల్లారిన తిండి వాసన తక్కువ. రాగి సంగటి మామూలు ముద్దలా పెద్దగా కాకుండా నిమ్మకాయంత ఉండలు చేసి రెండు గంటలకొకటి పెడుతుంది. “రోంత తిను అత్తా, మిగిల్తే నేను తింటా” అంటుంది. “నోట్లో ఇనుము నాకినట్టుంది పాపా” అని అత్త అంటే, మరుసటి పూట స్టీలు చెంచా పోయి ప్లాస్టిక్ చెంచా వస్తుంది, పప్పులో రెండు చుక్కల నిమ్మరసం ఎక్కువ పడుతుంది. ఊరిమిండి (రోటి పచ్చడి) మీద ప్రాణం పెట్టే మనిషికి కారం తగ్గించి, వేయించిన వేరుశనగ పప్పుల్ని మెత్తగా నూరి పెడుతుంది. అందులో మాంసకృత్తులున్నాయి, పైగా రుచీ తెలుస్తుంది.

మందు ఇన్ని చోట్ల ఎందుకు దెబ్బ తీస్తుందంటే, దానికి క్యాన్సర్ కణమేదో మంచి కణమేదో తెలియదు. గబగబా చీలుతున్న కణం కనిపిస్తే కొడుతుంది. నోటి లోపలి పొర, పేగుల పొర, జుట్టు కుదుళ్ళు, ఎముక మజ్జ, అన్నీ ఆ దారిలోనివే. ఈ ఆలోచనకు తొలి రూపాల్లో ఒకటి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రయోగశాలలో తయారైంది. కణం చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని పోలికలోనే ఉండి దాని పనికి అడ్డం పడే అమినోప్టెరిన్‌ను అమెరికాలోని లెడర్లే ల్యాబ్స్‌లో ఆయన బృందం చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి 1948లో ఫలితం ప్రకటించాడు: 16 మందిలో 10 మంది కొంతకాలం తేరుకున్నారు. దాని తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. ఫార్బర్ ఫలితం ప్రకటించిన వ్యాసం రాసినవాళ్ళ పేర్లలో సుబ్బారావు పేరు లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయాడు. ఇలా తెర వెనక ఉండిపోయిన పనిని వెతికి చూపించడం నాకు ఇష్టం, ఈ కోడలి గురించి రాయడానికీ అదే కారణం.

ఆమె దగ్గరొక నోటు పుస్తకం ఉంది. పిల్లవాడి బడి పుస్తకంలో మిగిలిన కాగితాలు కుట్టుకున్నది. మొదటి పేజీలో మందుల పేర్లు, డోసు ఎక్కించిన తేదీ, రక్తం గ్రూపు, ఆఖరి రక్తపరీక్ష అంకెలు. తర్వాత రోజుకో వరస: పొద్దున జ్వరం, సాయంత్రం జ్వరం, నీళ్ళు ఎన్ని గ్లాసులు, విరేచనమైందా, నోరు పూసిందా. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా అంచున ఎర్ర పెన్సిల్ గీత. తెల్లరక్తకణాలు అడుగంటేది ఆ రోజుల్లోనే. “కౌంట్ పడిపోయే వారం” అంటుంది ఆమె.

ఆ వారం ఇంటి నడక మారిపోతుంది. కొడుకు షెడ్డు నుంచి రాగానే రాతి దుమ్ము బట్టల్ని వాకిట్లోనే విడిచి, పెరట్లో స్నానం చేస్తేగాని అమ్మ గదిలోకి రాడు. జలుబు చేసిన మనవడికి అవ్వ దగ్గర పడుకునే వీల్లేదు. అహోబిలం నుంచి ఎవరో తీర్థం తెస్తే అత్త కళ్ళకద్దుకుని తల మీద చల్లుకుంటుంది, లోపలికి పుచ్చుకోదు. మహానంది కోనేటి నీళ్ళయినా అంతే. తెచ్చినవాళ్ళు నొచ్చుకోకుండా ఈ మాట చెప్పడం ఎంత కష్టమో రాయలసీమ ఇళ్ళు తెలిసినవాళ్ళకు తెలుసు. పచ్చివన్నీ మానాలన్న పాత కట్టడిని ఇప్పుడు చాలామంది డాక్టర్లు సడలించారు. పండు బాగా కడిగి, తొక్క తీసి, అప్పటికప్పుడు తినొచ్చు. బండి మీద కోసిపెట్టిన ముక్కలు, చెరకు రసం మాత్రం ఈమె గుమ్మం దాటనివ్వదు.

నోటికి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా వంట సోడా. రోజూ కొత్తగా కలుపుతుంది, తిన్న ప్రతిసారీ పుక్కిలింపిస్తుంది. నలభై ఏళ్ళుగా నమిలిన వేపపుల్ల మానిపించి మెత్తటి బ్రష్ చేతికిచ్చింది. చిగురు గీసుకుంటే నెత్తురు ఆగదు, ఆ గాటులోంచే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పక్కింటామె బిళ్ళగన్నేరాకు కషాయం తాగించమంది. ఆ మొక్కలోంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీసే మాట నిజమే. వాటిని మిల్లీగ్రాముల్లో తూచి నరంలోకి మాత్రమే ఎక్కిస్తారు. ఇంట్లో కాచిన ఆకు విషమవుతుంది. “డాక్టరును అడిగి చెప్తా వదినా” అని ఆ మాటను అక్కడే ఆపేసింది.

మొదటి డోసు తర్వాత పదకొండో రోజు రాత్రి థర్మామీటరు 100.6 చూపించింది. దాటకూడదన్న గీత 100.4 దగ్గర. పారాసిటమాల్ వేయలేదు, వేస్తే జ్వరం మాటున అసలు సంగతి దాక్కుంటుంది. తెల్లారనిద్దామని కూడా ఎవరూ అనలేదు. సంచి ముందే సర్ది ఉంది. కారు మాట్లాడుకుని నంద్యాల వెళ్ళారు. డ్యూటీ డాక్టరు ఏ మందు, ఎప్పుడు ఎక్కించారని అడిగితే ఆమె నోటు పుస్తకం మొదటి పేజీ తెరిచి ముందు పెట్టింది. కౌంట్ బాగా పడిపోయి ఉంది. వెంటనే యాంటీబయాటిక్ సెలైన్‌లో మొదలుపెట్టారు. ఇలాంటి జ్వరంలో గంటలు లెక్కకొస్తాయి. మనిషి నిలబడింది. ఆ సంగతి చెబుతూ కొడుకు నాతో అన్నాడు: “రాయి మీద దెబ్బ తప్పితే ఇంకో రాయి తెచ్చుకుంటామన్నా. ఆమెకు ఆ వీల్లేదు.”

జుట్టు మూడో వారంలో దిండు మీద రాలడం మొదలైంది. రేజరు పెడితే గాట్లు పడతాయని మిషనుతో కత్తిరించారు. గుండు ఈ నేలలో మొక్కుబడే కాబట్టి అత్త పెద్దగా బాధపడదనుకున్నారంతా. కానీ ఏడ్చింది. కోడలు ఓదార్చే మాటలేం చెప్పలేదు. పాత నూలు చీరల్ని చదరంగా చింపి, అంచులు కుట్టి తలగుడ్డలు చేసింది, కుట్టు ముడి నెత్తికి ఒరుసుకోకుండా పైవైపుకి తిప్పి. నంద్యాల ఎండల్లో సిల్కు కన్నా, విగ్గు కన్నా అవే హాయి.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా, ఇలాంటి ఇళ్ళకు కీమో ఖర్చు తప్పింది. అది చిన్న సంగతి కాదు. ఈ 20 రోజుల పనికి మాత్రం ఏ కార్డూ లేదు. డిశ్చార్జి కాగితంలో రెండు వాక్యాల సలహాలుంటాయి, అంతే. వాటిని గంటగంటకూ చేయాల్సిన పనులుగా విడగొట్టుకున్నది ఈ ఇంటర్ చదివిన కోడలు.

ఎర్ర మందు నాలుగు డోసులూ అయిపోయాయి. ఇక పాక్లిటాక్సెల్, వారానికొకటి చొప్పున 12. వాంతులు తగ్గుతాయి గాని వేళ్ళ కొసలు, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయని చెప్పారు. నోటు పుస్తకంలో అప్పుడే కొత్త గడి గీసేసింది: వేళ్ళు. జాకెట్ హుక్కులు తనే పెట్టుకుందా, పూలు కట్టగలిగిందా, బియ్యంలో రాళ్ళు ఏరగలిగిందా, నడుస్తుంటే చెప్పు జారినా తెలియలేదా. స్నానం నీళ్ళ వేడి ఇక మీదట కోడలే తన మోచేత్తో చూస్తుంది. ప్రతి వారం డోసుకు ముందు ఆ గడి డాక్టరుకు చూపించాలి. తిమ్మిరి ముదిరిపోకముందే మందు తగ్గించాలా వద్దా అన్నది ఆయన తేల్చేది దాన్ని చూసే.