కంటికి కనపడని గోడ

చేతిలో డబ్బు లేకుండా గ్రహాంతరవాసుల దండయాత్ర తీయాలంటే ముందు ఊరి దారులు మూసేయాలి. 1954 నాటి బ్రిటిష్ చిత్రం 'డెవిల్ గర్ల్ ఫ్రమ్ మార్స్'లో నయా అనే అంగారక వనిత బయలుదేరేది లండన్‌కి. నౌక దెబ్బతిని దిగేది మాత్రం స్కాట్లాండ్‌లో ఓ మారుమూల సత్రం దగ్గర. సత్రం చుట్టూ కంటికి కనపడని గోడ కడుతుంది. ఇక ఎవరూ బయటికి పోలేరు. ప్రేక్షకుడికి ఉత్కంఠ, నిర్మాతకి లండన్ వీధుల ఖర్చు మిగులు. ఆమె మరమనిషి చానీ మాత్రం కాళ్లొచ్చిన బీరువాలా ఉంటుంది. అది తెరమీద ఎంతసేపుంటే భయం అంత తగ్గుతుంది.

1960లో వుల్ఫ్ రిల్లా తీసిన 'విలేజ్ ఆఫ్ ది డామ్‌డ్'లో అసలు గ్రహాంతరవాసులే కనపడరు. మిడ్‌విచ్ గ్రామంలో మనుషులు, పశువులు ఉన్నచోటే స్పృహ తప్పుతారు. హద్దు దాటినవాడికీ అదే గతి. సైన్యం ఒక జవానుకి మాస్కు తొడిగి, నడుముకి తాడు కట్టి పంపుతుంది. నాలుగడుగులు వేసి కూలిపోగానే తాడు పట్టి వెనక్కి లాగుతారు. ఖాళీ రోడ్డు, ఒక తాడు, అంతే. అంగారక నౌకలు వంద దిగినా ఇంత దడ పుట్టదు.

ఈ కథలన్నిటికీ పెద్ద, ఆంగ్ల రచయిత వెల్స్ నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' (1898). అంగారకుల్ని తప్పుపట్టే ముందు టాస్మేనియా ఆదివాసులకి యూరోపియన్లు ఏం చేశారో తలుచుకోమంటాడు వెల్స్, మొదటి అధ్యాయంలోనే. ఊళ్లు ఆక్రమించినవాళ్లే తమ ఊరు పోతే ఎలా ఉంటుందో ఊహించుకున్నారు.

ఊహతో పనిలేని పేట కలకత్తాలో ఉంది. 1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్‌ని కలిపేసుకుంది. రాజ్యం పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా హుగ్లీ ఒడ్డున మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డాడు. ఆ స్వాధీనాన్నే సత్యజిత్ రాయ్ 1977లో 'శత్రంజ్ కే ఖిలాడీ'గా తీశాడు. డబ్బుకి కొదవలేకున్నా ఆయన ఎంచుకున్నదీ సత్రం పద్ధతే. సంస్థానాలు ఒక్కొక్కటే పోవడాన్ని గవర్నర్ జనరల్ డల్హౌసీ చెర్రీపళ్లు తింటున్నట్టు బొమ్మల్లో చూపించాడు. మిగతా కథలో ఇద్దరు జాగీర్దార్లు చదరంగంలో మునిగి ఉంటారు. కంపెనీ దండు వాళ్లకి దూరం నుంచే కనిపిస్తుంది.

సినిమా అవధ్‌లోనే ఆగిపోతుంది. మెటియాబ్రుజ్‌లో వాజిద్ అలీ షా ఇమాంబాడా కట్టించాడు, జంతుశాల పెట్టాడు, ఠుమ్రీలు పాడించాడు. 1857 తిరుగుబాటప్పుడు ఫోర్ట్ విలియంలో నిర్బంధించిన కాలం తప్ప, 1887లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. ఓడినవాడు తర్వాత ఎలా బతికాడన్నది దండయాత్ర సినిమాలు సాధారణంగా ముట్టుకోవు. దానికి కావలసింది నౌకలు కాదు, ముప్పయ్యేళ్ల కథ.