విమోచనమా, పతనమా?
1948 నాటి హైదరాబాదు చరిత్ర కథనాలపై ఒక విమర్శ

హైదరాబాదు సంస్థానపు చివరి రోజుల చరిత్ర ఏటా సెప్టెంబరు 17వ తేదీన మళ్లీ చర్చకు వస్తుంది. ఆ ఒక్క తేదీకి ఎన్నో పేర్లు. విమోచన దినమని కొందరు, విలీన దినమని కొందరు, విద్రోహ దినమని మరికొందరు వ్యవహరిస్తారు. హైదరాబాదు ముస్లిం కుటుంబాలలో అది 'సుఖూతె హైదరాబాద్', అంటే హైదరాబాదు పతనం. 2022లో ఆ తేదీని కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగానూ, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగానూ ఒకే నగరంలో వేర్వేరు వేదికలపై జరిపాయి. 2024లో కేంద్రం ఏటా విమోచన దినం జరపాలని గెజిట్‌లో ప్రకటించింది. ఆ ఏడే రాష్ట్రంలో కొత్తగా వచ్చిన ప్రభుత్వం అదే తేదీని ప్రజాపాలన దినోత్సవంగా పాటించింది.

పేరు పెట్టడం సామాన్యమైన విషయం కాదు. ప్రతి పేరులోనూ ఒక తీర్పు ఇమిడి ఉంది. దోషి ఎవరో, నిర్దోషి ఎవరో ముందుగానే నిర్ణయించి, ఆ తరువాత సంఘటనలను ఏరుకోవడం జరుగుతున్నది. సాక్ష్యం విన్న తరువాత ఇవ్వవలసిన తీర్పు సాక్ష్యం కంటె ముందే వెలువడితే దానిని న్యాయమనడం ఎలా కుదురుతుంది?

రెండు కథలు, ఒకే అచ్చు

విస్తృతంగా ప్రచారంలో ఉన్న కథనాలు ప్రధానంగా రెండు. మొదటి దాని ప్రకారం హైదరాబాదు ఒక మతోన్మాద నిరంకుశుని రాజ్యం. ప్రజలు అణచివేతలో మగ్గారు. రజాకార్లు గ్రామాలను కాల్చారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. అయిదు రోజులలో చీకటి తొలగి వెలుగు వచ్చింది. రెండవ దాని ప్రకారం హైదరాబాదు మతసామరస్యానికి నిలయం. పాలకుడు హిందూ ముస్లిములను రెండు కళ్లుగా చూచాడు. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పాడు. ఏ పాపమూ ఎరుగని ఆ రాజ్యాన్ని బలవంతుడైన పొరుగువాడు సైన్యంతో కబళించాడు.

ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా తోస్తాయి. నిజానికి అవి ఒకే అచ్చులో పోసిన కథలు. ఒక పక్షమంతా పుణ్యం, మరొక పక్షమంతా పాపం. పాత్రల పేర్లు మాత్రమే తారుమారు అయ్యాయి. మొదటి కథ ఎక్కడ ముగుస్తుందో, రెండవ కథ సరిగ్గా అక్కడే ప్రారంభమవుతుంది. సెప్టెంబరు 18న సంస్థాన సేనాని ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోవడంతో మొదటి కథకుడు పుస్తకం మూసివేస్తాడు. ఆ తరువాతి వారాలలో ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో జరిగిన హత్యాకాండ ఇక అతని కంట పడదు. రెండవ కథకుడు అక్కడే పుస్తకం తెరుస్తాడు. అంతకు ముందు గ్రామాలలో సాగిన వెట్టిచాకిరి, భైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత అతని కంట పడవు. సంస్థానపు భూమిలో దివానీ అధీనంలో ఉన్నది సుమారు నూటికి 60 వంతులేననీ, తక్కిన 40 వంతులు జాగీర్లుగా, నిజాము సొంత ఆస్తి అయిన సర్ఫె ఖాస్‌గా ఉండేవనీ, అక్కడి రైతుకు పన్ను విషయంలో గాని, భూమిపై హక్కు విషయంలో గాని దిక్కు లేదనీ అతడు చెప్పడు.

అచ్చులో ఇమడని మనుషులు

కథ ఎంత బలమైనదో తెలియాలంటే అందులో చోటు దక్కని వారిని చూడాలి. హైదరాబాదు చరిత్రలో అటువంటివారు కొల్లలుగా ఉన్నారు.

జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ముస్లిం. అతని భూమిని కాజేయజూచిన విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందువు, నిజాము పాలనకు గ్రామసీమలో మూలస్తంభం వంటివాడు. బందగీ కోర్టుకెక్కి ఏళ్ల తరబడి పోరాడి నెగ్గాడు. దేశ్‌ముఖ్ మనుషులు అతనిని చంపారు. అదే దేశ్‌ముఖ్ గూండాల తుపాకీ గుండ్లకు 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ముస్లిం పాలకులు, హిందూ ప్రజలు అనే సూత్రం బందగీ సమాధి దగ్గరే వీగిపోతుంది. హిందూ ముస్లిములు రెండు కళ్లు అనే సూత్రమూ అక్కడే వీగిపోతుంది. ఎందుకంటే ఆ రాజ్యం తన స్వమతస్థుడైన పేదరైతును కూడా కాపాడలేదు.

1947 సెప్టెంబరు 11న నిజాము పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల ఆగడాలను ఖండించాడు, సంస్థానం భారత యూనియన్‌లో చేరడమే శ్రేయస్కరమని వ్రాశాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి ప్రాంతంలో పని ముగించుకొని ఇంటికి వస్తుండగా అతనిని కాల్చి, చేయి నరికి చంపారు. విమోచన కథలో అతడు ఒక మినహాయింపుగా మాత్రమే మిగిలాడు. పతన కథలో అతని పేరే వినబడదు.

విచిత్రమేమంటే, మొదటి కథలో ప్రతినాయకుడైన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను స్వతంత్ర భారతమే 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు హైదరాబాదు రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్‌గా ఉంచింది. నిరంకుశుడు అధికార పీఠంపై గౌరవంగా కూర్చున్నాడు. మరాఠ్వాడా పల్లెలో నమాజు తప్ప రాజకీయం ఎరుగని ముస్లిం మాత్రం ఆ నిరంకుశత్వానికి మూల్యం చెల్లించాడు. ఇక తెలంగాణ రైతు సంగతి చూస్తే, సైన్యం వెంట పారిపోయిన దేశ్‌ముఖులు మళ్లీ ఊళ్లకు వచ్చారు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. 1949లో జాగీర్లు రద్దు కావడం నిస్సందేహంగా గొప్ప మార్పు. అయినా 'విమోచన' అనే మాట ఎవరికి, ఏ మేరకు వర్తిస్తుందో గ్రామం గ్రామాన విడివిడిగా తేల్చవలసి ఉంటుంది.

ఉల్లేఖకుల పరీక్ష

ఈ చరిత్రపై ప్రామాణికంగా చెలామణి అవుతున్న గ్రంథాల రచయితలలో ఎక్కువ మంది ఆ రంగంలో పాత్రధారులే. 1957లో 'ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా' ప్రచురించిన కె.ఎం. మున్షీ హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్. 1956లో సంస్థానాల విలీనంపై బృహద్గ్రంథం వెలువరించిన వి.పి. మీనన్ ఆ విలీనాన్ని నడిపిన శాఖకు కార్యదర్శి. 1962లో 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' వ్రాసిన మీర్ లాయక్ అలీ సంస్థానపు చివరి ప్రధాని. 1967లో స్మృతులు వెలువరించిన స్వామి రామానంద తీర్థ స్టేట్ కాంగ్రెస్ నాయకుడు. 1972లో తెలంగాణ పోరాట చరిత్ర వ్రాసిన పుచ్చలపల్లి సుందరయ్య ఆ పోరాట నాయకులలో ఒకడు.

వీరిని అసత్యవాదులనడం అన్యాయం. తమ కంటికి ఎదురుగా జరిగినది వీరు వ్రాశారు. ప్రతి గ్రంథంలోనూ ఇతరత్రా దొరకని సమాచారం ఉంది. లోపం ఎంపికలో ఉంది. ప్రతి రచయితా తన పక్షపు గాయాలను ఒక్కొక్కటిగా లెక్కించాడు. ఎదుటి పక్షపు గాయాలను ఒక వాక్యంతో సరిపుచ్చాడు, లేదా అసలే విడిచిపెట్టాడు.

ఈ చిక్కును విడదీసే పద్ధతి ఇస్లామీయ విద్యలకు కొత్తది కాదు. ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లో చరిత్ర కథనాలలో అసత్యం చొరబడడానికి గల కారణాలను వివరిస్తూ, ఒక అభిప్రాయానికో వర్గానికో కట్టుబడిన మనస్సు తనకు అనుకూలమైన వార్తను విచారించకుండానే స్వీకరిస్తుందనే కారణాన్ని ముందుగా పేర్కొన్నాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే హదీసువేత్తలు ఉల్లేఖకుల గుణదోష పరీక్ష (జర్హ్ వ తాదీల్) అనే శాస్త్రాన్ని నిర్మించారు. అందులో ఒక సూక్ష్మమైన సూత్రం ఉంది. భిన్న విశ్వాసం గల ఉల్లేఖకుడు సత్యవంతుడైతే అతని మాట స్వీకరించవచ్చు. ఇమామ్ బుఖారీ తన సంకలనంలో ఖారిజీ అయిన ఇమ్రాన్ బిన్ హిత్తాన్ ఉల్లేఖనాన్ని సైతం స్వీకరించారు. అయితే ఒకడు తన వర్గాన్ని సమర్థించుకొనే వార్త తెచ్చినప్పుడు చాలమంది విద్వాంసులు దానిని జంకుతూ చూచారు. అనగా పక్షం వేరైనంత మాత్రాన సాక్ష్యం కొట్టివేయబడదు, స్వపక్షమైనంత మాత్రాన నెగ్గదు. ఈ సూత్రాన్ని బట్టి ఆలోచిస్తే, స్వపక్షానికి ప్రతికూలంగా పలికిన సాక్షి మాటకు విలువ హెచ్చు.

ఈ శాస్త్రపు మహాగ్రంథాలను ఆధునిక ప్రపంచానికి అచ్చువేసి అందించినది హైదరాబాదు నగరమే. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఇబ్నె హజర్ రచించిన 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్'ను పన్నెండు సంపుటాలుగా ముద్రించింది. ఇబ్నె అబీ హాతిం రచించిన 'అల్ జర్హ్ వత్ తాదీల్' కూడా ఆ సంస్థ నుండే 1950వ దశకం ఆరంభం నాటికి సంపూర్ణంగా వెలువడింది. వేయి సంవత్సరాల నాటి ఉల్లేఖకులను జల్లెడ పట్టే గ్రంథాలను లోకానికిచ్చిన నగరం తన సొంత చరిత్రను చెప్పేవారిని మాత్రం ఆ జల్లెడలో వేయలేదు.

తొక్కిపెట్టిన సాక్ష్యం

ఆ కొలమానంతో చూస్తే 1948 చరిత్రకు అత్యంత విలువైన సాక్ష్యాలు రెండు కనబడతాయి. మొదటిది పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం ఇచ్చిన నివేదిక. ప్రధాని నెహ్రూ ప్రోత్సాహంతో ఈ బృందం 1948 నవంబరు చివర నుండి డిసెంబరు 21 వరకు సంస్థానంలో పర్యటించింది. పోలీసు చర్య సమయంలోనూ, తరువాతా 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని జాగ్రత్తగా అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలోనే 18,000 మందికి తక్కువ కాదని పేర్కొన్నది. కొన్నిచోట్ల సైనికుల ప్రమేయాన్ని కూడా దాచలేదు. ప్రభుత్వం ఈ నివేదికను దశాబ్దాల పాటు ప్రచురించలేదు. 2013లో ఎ.జి. నూరానీ తన గ్రంథంలో చేర్చిన తరువాతనే అది సామాన్య పాఠకునికి అందింది.

ఈ నివేదికను ముస్లిం పాఠకులు తమ ఫిర్యాదుకు ఆధారంగా మాత్రమే చదివితే సగమే చదివినట్లు. రజాకార్లు గ్రామాలపై నెలవారీ సొమ్ము విధించి, ఎదిరించిన చోట్ల దోపిడీకి, హత్యలకు దిగిన సంగతినీ అదే నివేదిక చెబుతుంది. ముస్లిం నేతపనివారిని కాపాడబోయి హిందూ నేతపనివారు ప్రాణాలే పోగొట్టుకొన్న సంగతినీ, అపహరించబడిన ముస్లిం స్త్రీలను తిరిగి రప్పించడానికి ఎందరో హిందువులు పాటుపడిన సంగతినీ అదే చెబుతుంది. అంకెను తీసుకొని ఈ పుటలను చింపివేసే హక్కు ఎవరికీ లేదు.

రెండవ సాక్ష్యం షోయబుల్లా ఖాన్ రాతలు. మొదటిది భారత ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించిన సాక్ష్యం. రెండవది సాటి ముస్లిములకు ఇబ్బంది కలిగించిన సాక్ష్యం. ఒకదానిని అలమారలో పెట్టి తాళం వేశారు. మరొకదానిని కత్తితో ఆపజూచారు.

తీర్పు ఎవరి మీద?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. మంచీ చెడూ అనే విభజన వద్దంటే, హంతకునికీ హతునికీ తేడా లేదనడమేనా? ముమ్మాటికీ కాదు. భైరాన్‌పల్లిలో జరిగినది జుల్మ్. ఉస్మానాబాదులో జరిగినదీ జుల్మ్. ఒకటి మరొకదానిని రద్దు చేయదు, సమర్థించదు. రజాకార్ల నేరానికి, రజాకారు కాని ముస్లిం నేతపనివాడు బాధ్యుడు కాడు. గుల్బర్గా నేరానికి, తన ముస్లిం పొరుగువానిని దాచిన హిందువు బాధ్యుడు కాడు. తీర్పు చేతల మీద ఉండాలి, సమాజాల మీద కాదు. ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్‌ఆన్ పలుమార్లు చాటిన సూత్రం. మంచి చెడుల పోరాటంగా చరిత్ర చెప్పేవారు నీతిని ఎక్కువగా పాటిస్తున్నట్లు కనబడతారు గాని, నేరాన్ని నేరస్థుని నుండి విడదీసి అతని జాతి మొత్తానికి పులిమే సరికి నీతి అక్కడే నశిస్తుంది.

నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులను న్యాయంపై నిలబడమనీ, తమకూ తమ తల్లిదండ్రులకూ బంధువులకూ ప్రతికూలమైనా సరే సాక్ష్యం పలకమనీ ఆదేశిస్తున్నది. మాయిదా సూరా 8వ ఆయత్ ఒక జాతి పట్ల గల ద్వేషం అన్యాయానికి పురికొల్పరాదని హెచ్చరిస్తున్నది. సోదరుడు దౌర్జన్యపరుడైనా సహాయపడాలని దైవప్రవక్త (స) చెప్పినప్పుడు అది ఎలాగని అనుచరులు అడిగారు. అతని చేయి పట్టి ఆపడమే ఆ సహాయమని ఆయన వివరించారు. 1948లో హైదరాబాదు ముస్లిం సమాజానికి ఆ విధమైన సహాయం చేయబోయినవారు ద్రోహులనిపించుకొన్నారు. ఆపే చేతులు నరకబడిన చోట, తరువాత వచ్చిన ఆపద నుండి కాపాడే చేతులు కూడా కరువయ్యాయి.

అరబీలో 'షహాదత్' అనే మాటకు సాక్ష్యమనీ, ప్రాణత్యాగమనీ రెండు అర్థాలు. సెప్టెంబరు 17 వేదికలపై రెండవ అర్థానికే గిరాకీ. ప్రతి పక్షానికీ తన అమరులు కావాలి, సాక్షులు అక్కరలేదు. విమోచనవాదులు సుందర్‌లాల్ నివేదికను తమ సభలలో చదివిన రోజున, పతనవాదులు షోయబుల్లా ఖాన్ పేరును తమ ఇళ్లలో పిల్లలకు చెప్పిన రోజున, ఆ చరిత్రకు మొదటిసారిగా న్యాయం జరగడం ప్రారంభమవుతుంది. ఎదుటివారు ముందు మొదలుపెట్టాలని కాచుకొని కూర్చోవడం ఆయత్‌లో చెప్పబడిన షరతు కాదు.