‘కంపైల్’ సంకలనమేనా? పాలమూరు సంచిక, నల్లగొండ ఆసు ఆధారంగా ఒక పరిశీలన

అతివేగ కంప్యూటర్లపై పనిచేసే శాస్త్రీయ సాఫ్ట్‌వేర్‌ను చాలా సందర్భాలలో సిద్ధరూపంలో తెచ్చుకోరు. మూలసంకేతం నుంచి ఆ యంత్రానికి తగినట్లు నిర్మించుకుంటారు. ఈ ప్రక్రియకు కీలకమైన ‘కంపైల్’ అనే మాటకు తెలుగులో ‘సంకలనం’ అనే అనువాదం ఉంది. నిఘంటువు దృష్ట్యా దీనిని తప్పుపట్టలేము. భావం దృష్ట్యా మాత్రం ఇది విద్యార్థిని పక్కదారి పట్టిస్తుంది.

సంకలన స్వభావాన్ని గ్రహించడానికి పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ను మించిన ఉదాహరణ లేదు. తెలంగాణలో కవులు పూజ్యమన్న విమర్శకు 354 మంది కవులతో ఇచ్చిన సమాధానమది. ప్రతి కవీ తన పేరుతో, తన పద్యంతో నిలవడమే ఆ సమాధానానికి బలం. సంకలనంలో చేరినంత మాత్రాన పద్యం మారదు. కంపైలర్ పని ఇందుకు పూర్తిగా భిన్నం. మనిషి చదవగల పాఠాన్ని అది ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చివేస్తుంది. కొత్త ప్రాసెసర్‌కు అనుగుణంగా మలచిన ఆదేశాలు పాతదానిపై నడవకపోవచ్చు కూడా.

ఈ రూపాంతరానికి దగ్గరి పోలిక నల్లగొండ చేనేతలో దొరుకుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు బట్ట మీద పడదు, నూలు మీద పడుతుంది. ముందు ఆసు పోయాలి. గుర్తులు పెట్టి, కట్లు కట్టి, రంగులో ముంచాలి. కట్లు విప్పి కండెలకు చుట్టాలి. ఆ తరువాతే మగ్గం. ఏ మెట్టు తప్పినా నమూనా చెదురుతుంది. గ్రాఫు కాగితం మీది నమూనా ఒకటే అయినా నూలు సన్నదనం మారితే బట్ట మీద దాని కొలత మారుతుంది. ఆసు పోయడంలో తల్లి పడిన శ్రమను చూసి చింతకింది మల్లేశం 1999లో రూపొందించిన యంత్రం నేతను కాదు, నేతకు ముందరి పనిని సులభం చేసింది. (పద్మశ్రీ 2017లో గాని రాలేదు.)

స్పాక్, ఈజీబిల్డ్ వంటి పరికరాలు చేసేదీ ఇటువంటి ముందరి పనే. మొదటిది అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో, రెండవది బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో పుట్టాయి. అణువుల కదలికను లెక్కించే గ్రోమాక్స్‌ను నిర్మించాలంటే ముందు ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ వంటి గణిత గ్రంథాలయం కావాలి. అనేక నోడ్లపై నడపాలంటే ఎంపీఐ కావాలి. వీటికి మళ్ళీ వాటి అవసరాలు. ఏది ముందు, ఏ కూర్పు, ఏ కంపైలర్‌తో, ఏ ప్రాసెసర్‌కు అన్నది స్పాక్ నిర్మాణానికి ముందే తేల్చుతుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌కు చెందిన భిన్న నిర్మాణాలను వేర్వేరు గుర్తింపు సంకేతాలతో పక్కపక్కనే ఉంచుతుంది.

పోలికకు పరిమితి లేకపోలేదు. ఫలితం నచ్చకపోతే సాఫ్ట్‌వేర్‌ను తుడిచి మళ్ళీ కట్టవచ్చు. రంగెక్కిన పట్టు వెనక్కి రాదు. కాబట్టి ‘ఆసు’ను పారిభాషిక పదంగా రుద్దడం కూడా అతియే అవుతుంది. ‘కంపైల్’ను అలాగే ఉంచి, వివరణకు మగ్గం భాషను వాడుకోవడం మేలు. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికో, పాలమూరు విశ్వవిద్యాలయానికో తెలుగు మాధ్యమం నుంచి వచ్చే విద్యార్థికి ‘సంకలని’ అన్న కొత్త మాట బట్టీకి మాత్రమే పనికివస్తుంది. కండె చుట్టకముందే మగ్గమెక్కితే ఏమవుతుందో అతనికి, ముఖ్యంగా నేత ఇంటి బిడ్డకు, ఎవరూ నేర్పనక్కరలేదు.